లాజరో స్పలంజాని

ప్రొద్దు గ్రుంకి చీకటి పడునప్పుడు పాత దేవాలయముల మండపముల నుండి గబ్బిలములు గుంపులు గుంపులుగా వెలువడుట మీలో అనేకులు చూచియే యుందురు. రాతి కంబముల నడుమ అవి ఎంత వేగముగా ఎగిరినను ఒకదానికొకటి తగులవు, గోడలకు కొట్టుకొనవు. అమావాస్యనాడును వాని గమనమునకు ఆటంకము లేదు. దీపము లేనిదే మనము అడుగు వేయ జంకు చీకటిలో అవి ఎగురుచున్న దోమలను, పురుగులను పట్టి తినుచుండును. ఈ వింతను చూచినవారు లక్షలమంది కలరు. ఇది ఎట్లు సాధ్యమగుచున్నదని పట్టుదలతో పరీక్షలు చేసి అడిగినవారిలో మొదట చెప్పుకొనదగినవాడు ఇటలీ దేశీయుడగు లాజరో స్పలంజాని. ఆ ప్రశ్న తోచునప్పటికి ఆయనకు 64 ఏండ్లు.

స్పలంజాని 1729వ సంవత్సరము జనవరి నెలలో ఉత్తర ఇటలీలోని స్కాండియానో అను చిన్న పట్టణమున జన్మించెను. నాడు ఇటలీ ఒక్క రాజ్యము కాదు. చిన్న చిన్న సంస్థానములుగా చీలియుండెను. స్కాండియానో మోడెనా ప్రభువుల యేలుబడిలోనిది. తండ్రి న్యాయవాది. కుమారుడును తన వృత్తినే చేపట్టవలెనని ఆయన కోరిక. పదునైదవ యేట లాజరో రెజ్జో నగరములోని జెసూయిట్ మతాచార్యుల కళాశాలలో చేరి తత్త్వశాస్త్రము, అలంకారశాస్త్రము అభ్యసించెను. తరువాత తండ్రి మాట చొప్పున న్యాయశాస్త్రము చదువుటకు బొలోన్యా విశ్వవిద్యాలయమునకు వెళ్ళెను.

ఆ విశ్వవిద్యాలయమున అప్పుడు లౌరా బస్సీ అను విదుషీమణి భౌతికశాస్త్రము బోధించుచుండెను. స్త్రీలకు విశ్వవిద్యాలయముల తలుపులు మూసియున్న ఆ దినములలో ఆచార్య పదవి నందిన అసామాన్యురాలు ఆమె. స్పలంజానికి ఆమె బంధువు కూడ. ఆమె సాంగత్యమువలన యువకుని మనస్సు ప్రకృతిశాస్త్రముల వైపు మరలెను, న్యాయగ్రంథములు మూలబడెను. ఈ సంగతి తండ్రికి చెప్పుటకు అతనికి ధైర్యము చాలలేదు. వల్లిస్నేరి అను ఆచార్యుడు మధ్యవర్తియై తండ్రిని ఒప్పించెను. పిమ్మట స్పలంజాని మతదీక్ష గైకొని, జీవితాంతము మతగురువుగనే యుండెను. కాని ఆయన కాలమంతయు ప్రార్థనాలయములలో కంటె పరీక్షాగృహములలోనే ఎక్కువగా గడచినదని చెప్పవలెను.

రెజ్జోలోను, మోడెనాలోను అధ్యాపకుడై యుండగా ఆయన ఒక పెద్ద వివాదములో తలదూర్చెను. క్రుళ్ళిన పదార్థముల నుండి సూక్ష్మజీవులు తమంతట తామే పుట్టునా, పుట్టవా అనునది ఆ వివాదము. ఇంగ్లండు దేశీయుడగు నీడ్‌హాం మాంసరసమును కాచి, సీసాలో పోసి, బిరడా బిగించి, కొన్ని దినములు పోయిన పిదప సూక్ష్మదర్శినితో చూడగా అందు జీవులు కనబడెను. కాచినప్పుడు జీవులన్నియు చచ్చును గదా, కావున ఇవి రసము నుండియే పుట్టినవని అతని వాదము. స్పలంజాని దీనిని నమ్మలేదు. కాచిన కాలము చాలకపోయి యుండవచ్చును; బిరడా సందుల గుండ గాలితోపాటు జీవులు చొరబడి యుండవచ్చును. ఆయన గాజుబుడ్ల మెడలను మంటలో కరగించి సందు లేకుండ మూసి, వానిని సలసల క్రాగు నీటిలో చాలసేపు ఉంచెను. ఆ బుడ్లలో జీవులు పుట్టలేదు. మెడ విరిచి గాలి తగులనిచ్చిన కొన్ని దినములకే పుట్టెను. 1765లో ఆయన ఈ ఫలితములను ప్రకటించెను. 1810లో ఫ్రాన్సు దేశమున అప్పేర్ అను మిఠాయిల పనివాడు ఆహారమును సీసాలలో మూసి కాచి నిలువచేయు పద్ధతిని వెల్లడించెను. నేడు అంగళ్ళలో డబ్బాలలో అమ్ము పండ్లముక్కలు చెడకుండుటకు ఆధారము ఇట్టి పద్ధతియే.

1768లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. మరుసటి యేడు పావియా విశ్వవిద్యాలయము ప్రకృతిశాస్త్రాచార్యునిగా ఆహ్వానించెను. పావియా అప్పుడు ఆస్ట్రియా రాణి మరియా థెరీసా పాలనలో నుండెను. అచటి వస్తుప్రదర్శనశాలను పెంపొందించు భారము కూడ ఆయనపై బడెను. తక్కిన 30 ఏండ్ల జీవితము ఆయన అక్కడనే గడపెను.

పావియాలో ఆయన జీర్ణక్రియను గూర్చి చేసిన పరీక్షలు విచిత్రమైనవి. పొట్ట ఆహారమును తిరుగలివలె నూరునని కొందరు, కుండవలె ఉడికించునని కొందరు తలచుచుండిరి. స్పలంజాని చిన్న చిన్న గుడ్డసంచులలో రొట్టెను, మాంసమును పెట్టి కుట్టి తానే మ్రింగెను. సంచులు చిరుగకయే వెలుపలికి వచ్చెను. లోని ఆహారము మాత్రము లేకపోయెను. జఠరరసమును సేకరించి మాంసపు ముక్కతో గొట్టములో చేర్చి, శరీరపు వెచ్చదనము తగులుటకై చంకలో పెట్టుకొని దినముల తరబడి తిరిగెను. నూరుట లేకయే మాంసము కరగిపోయెను. ఈ పనులవలన ప్రాణమునకు హాని కలుగవచ్చునని ఆయన ఎరుగకపోలేదు. అయినను వానిని తనపైననే చేసికొనెను.

ప్రాణుల ఉత్పత్తిని గూర్చి చేసిన పరిశోధనలు అంతకంటె ముఖ్యమైనవి. మగకప్ప బీజద్రవము తగులనిచో ఆడుకప్ప గ్రుడ్లు పిల్లలగునా, కావా అని తెలిసికొనుటకు ఆయన మగకప్పలకు మైనము పూసిన పట్టుగుడ్డతో చిన్న లాగులు కుట్టి తొడిగెను. ఈ వేషము తలచుకొని మీకు నవ్వు రావచ్చును. కాని ఆ గ్రుడ్లలో ఒక్కటియు తోకకప్ప కాలేదు. లాగులలో నిలిచిన ద్రవమును తాకించిన గ్రుడ్లు మాత్రము పిల్లలయ్యెను. తరువాత ఆయన ఒక ఆడుకుక్కకు కృత్రిమముగా గర్భము కలిగింపగా, 62 దినములకు అది మూడు పిల్లలను ఈనెను. నేడు మన పశువైద్యశాలలలో ఆవులకు, గేదెలకు చేయు కృత్రిమ గర్భధారణకు ఇది తొలిమెట్టు.

ఇంత చేసియు ఆయన ఒకచోట పొరబడెను. కప్ప బీజద్రవమును కాగితములతో వడగట్టగా దిగువకు జారిన నీటికి గ్రుడ్లను పిల్లలుగా జేయు శక్తి పోయెను. కాగితముపై నిలిచిన దానికి ఆ శక్తి ఉండెను. సూక్ష్మదర్శినిలో కనబడు తోకగల కణములు నిలిచినది ఆ కాగితము మీదనే. కారణము కన్నుల యెదుట నుండెను. కాని ప్రాణి యంతయు గ్రుడ్డులోనే ముందుగా చిన్నరూపమున అమరి యుండునను సిద్ధాంతమును ఆయన గట్టిగా నమ్మియుండెను. ఆ నమ్మకము అడ్డువచ్చి, తన చేతిలోని ఫలితమును తానే గుర్తింపలేకపోయెను. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. గబ్బిలముల విషయమున ఆయన ప్రవర్తన ఎంత భిన్నమో అప్పుడే తెలియును.

1785లో స్పలంజాని సముద్రమార్గమున కాన్‌స్టాంటినోపిల్ నగరమునకు, అనగా నేటి ఇస్తాంబుల్‌కు, ప్రయాణమయ్యెను. దాదాపు ఏడాది అచట నుండి, నేలమార్గమున తిరిగివచ్చెను. ఇంతలో అసూయాపరులగు సహోద్యోగులు కొందరు, ప్రదర్శనశాలలోని వస్తువులను ఆయన దొంగిలించి స్వగ్రామమునకు చేర్చుకొన్నాడని ఆరోపించిరి. విచారణ జరిగి, 1787లో ఆయన నిర్దోషియని తేలెను. అంతటితో ఊరకున్న బాగుండెడిది. తనకు గిట్టని పండితుడొకనికి ఆయన కోడి గొంతుగొట్టపు ముక్కను క్రొత్తరకపు పురుగని నమ్మబలికి, మారుపేరుతో పంపించెనట. ఆ పండితుడు మోసపోయి, దానికి పేరు పెట్టి తన గ్రంథమున అచ్చువేసికొని నవ్వులపాలయ్యెను. ఈ పగ పెద్దమనిషికి తగినది కాదు. స్పలంజాని మహర్షి కాడు. కోపము, గర్వము, కీర్తికాంక్ష నిండుగా గలవాడే. 1788లో దక్షిణమునకు పోయి వెసూవియస్, ఎట్నా మొదలగు అగ్నిపర్వతముల నెక్కి పరిశీలించి, పెద్ద గ్రంథము వ్రాసెను.

1793లో ఆయన తన వద్ద నున్న గుడ్లగూబ చేష్టలను గమనించుచుండెను. గదిలోని దీపము ఆరిపోగా గుడ్లగూబ దిక్కు తోచక గోడలకు కొట్టుకొనెను. రాత్రులు తిరుగు పక్షియే పూర్తి చీకటిలో త్రోవ కానలేకున్నది; మఱి గబ్బిలము మాటయేమి? ఆయన గబ్బిలములను తెప్పించి, వెలుతురు ఏమాత్రమును చొరని గదిలో వదలెను. అవి సుఖముగా ఎగురసాగెను. గది పైకప్పు నుండి సన్నని దారములు వ్రేలాడదీసినను వానిని తప్పించుకొని ఎగిరెను.

తలకు ముసుగు తొడిగి చూచెను. అప్పుడు గబ్బిలము గోడకు కొట్టుకొని నేల రాలెను. మఱొకడైనచో, ముసుగు కన్నులను మూసినది గనుక గబ్బిలము కన్నులతోనే చూచుచున్నదని తేల్చివేసి యుండును. స్పలంజాని వెలుతురు చొచ్చునట్టి పలుచని ముసుగును కూడ తొడిగి చూచెను. గబ్బిలము అప్పుడును తడబడెను. అనగా తప్పు కన్నులు మూయుటలో లేదు. ముసుగు మఱి దేనినో మూయుచున్నది. ఆ మఱియొకటి ఏమో ఆయనకు తోచలేదు.

తరువాత ఆయన చేసిన పని చెప్పుటకు బాధ కలుగుచున్నది. కొన్ని గబ్బిలముల కన్నులను పూర్తిగా పోగొట్టెను. ఆ కాలమున మూగజీవుల బాధను లెక్కించు ఆచారము పండితులలో లేకుండెను. నేడు అట్టి పరీక్షలు చేయకుండ అనేక దేశములలో చట్టములు కలవు, ఉండుట న్యాయము. కన్నులు పోయిన గబ్బిలములు కొంతసేపటికి లేచి, కన్నులున్న వానివలెనే దారముల నడుమ ఎగిరెను. ఆయన నివ్వెరపోయెను.

గదిలోని ఆట వేరు, వెలుపల బ్రతుకు వేరు అని ఎవరైన ఆక్షేపింపవచ్చును. అందుచేత ఆయన పావియాలోని ఒక గంటల గోపురమున నివసించు గబ్బిలములను పట్టించి, చూపు పోగొట్టి విడిచిపెట్టెను. కొన్ని దినములైన పిదప, రాత్రి వేట ముగించి అవి గూటికి చేరు వేకువ జామున గోపురమెక్కి గాలింపగా, అందు నాలుగు మరల దొరకెను. వాని పొట్టలను కోసి చూడగా, చూపుగల గబ్బిలముల పొట్టలవలెనే పురుగులతో నిండియుండెను. గ్రుడ్డి గబ్బిలము త్రోవ తప్పకుండుటయే గాక, గాలిలో ఎగురు సన్నని పురుగును కూడ పట్టగలుగుచున్నది!

ఇక తక్కిన ఇంద్రియములను పరీక్షించెను. శరీరమునకు వార్నీషు పూసి స్పర్శను మొద్దుబారజేసెను, ముక్కును మూసెను, నాలుక లేకుండ జేసెను. దేనివలనను గమనము చెడలేదు. చెవులను కూడ జిగురుతో మూసి చూచెను. గబ్బిలము బాగుగనే ఎగిరినట్లు తోచెను. ఐదింద్రియములును అయిపోయెను గనుక, మనుష్యులకు లేని క్రొత్త ఇంద్రియమేదో గబ్బిలములకు కలదేమోయని ఆయనకు అనుమానము కలిగెను. ఇతర నగరములలోని పండితులకు జాబులు వ్రాసి, వారిని కూడ ఈ పరీక్షలు చేయుమని కోరెను. ఆ జాబులు 1794లో అచ్చయ్యెను. గబ్బిలముల క్రొత్త యింద్రియమును గూర్చి, దానితోపాటు స్పలంజానిని గూర్చి పండితులు చెప్పుకొనసాగిరి.

ఈ వార్త స్విట్జర్లాండులోని జెనీవా నగరమునకు చేరెను. అచట లూయీ జురీన్ అను శస్త్రవైద్యుడు కలడు. అతడు గబ్బిలముల చెవులను మైనము మొదలగు వానితో గట్టిగా, సందు లేకుండ మూసెను. చూపు చెడకున్నను అవి ప్రతి అడ్డునకు కొట్టుకొనెను. జురీన్ పరీక్షల వార్త స్పలంజానికి అందెను.

ఆ వార్త అందిననాటి ఆయన స్థితిని ఒక్క నిమిషము ఊహింపుడు. ఐరోపా యంతట పేరు మోసిన వృద్ధాచార్యుడు. క్రొత్త యింద్రియమును గూర్చిన తన ఊహ అచ్చుపడి యింకను సిరా ఆరలేదు. చెవులను తానును మూసి చూచెను. ఏమియు కాలేదని నమ్మెను. ఇప్పుడు తనకంటె చిన్నవాడొకడు తన పరీక్ష తప్పని నిరూపించుచున్నాడు. గర్వమునకు తక్కువలేని మనిషి. కప్పల విషయమున సిద్ధాంతమును విడువక చెడినవాడు. ఈసారి మాత్రము ఆయన సమాధానము వ్రాయుటకు కలము పట్టలేదు, గబ్బిలములను పట్టించెను.

జురీన్ చెప్పినట్లు చెవులను పూర్తిగా మూసినప్పుడు గబ్బిలములు తగిలెను. తన మొదటి పరీక్షలో చెవి సరిగా మూసికొనలేదని ఆయన గ్రహించెను. అయినను ఒక సందేహము మిగిలెను. చెవిలో ఏదో పెట్టుటవలన కలిగిన బాధచేతనే గబ్బిలము తడబడుచున్నదేమో? దీనిని తేల్చుటకు ఆయన చేసిన యుక్తి నేటి విద్యార్థులును నేర్వదగినది. ఇత్తడితో మిక్కిలి చిన్న గొట్టములను చేయించి గబ్బిలముల చెవులలో అమర్చెను. గొట్టము తెరచియున్నప్పుడు అవి బాగుగ ఎగిరెను. అదే గొట్టమును మూసినప్పుడు గోడలకు కొట్టుకొనెను. గొట్టపు బాధ రెండుసార్లును ఒక్కటే. మారినది వినికిడి యొక్కటే. క్రొత్త యింద్రియమును ఆయన విడిచిపెట్టెను. గబ్బిలము చెవులతో త్రోవ తెలిసికొనుచున్నదని ఒప్పుకొనెను.

కాని దేనిని వినుచున్నది? గదిలో అవి ఎగురుచుండగా మనుష్యుని చెవికి కూతయేదియు తోచదు. ధ్వని లేనిచోట చెవికి పనియేమి? ఎంత వెదకినను ఆయనకు సమాధానము దొరకలేదు. దొరకనిదానిని దొరకినట్లు ఆయన కల్పింపలేదు.

ఈ లోపమే తరువాతివారికి సందు ఇచ్చెను. 1795లో ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధ ప్రాణిశాస్త్రవేత్త కువియే, గబ్బిలముల రెక్కలకు గల మిక్కిలి సున్నితమైన స్పర్శచేతనే అవి అడ్డులను తెలిసికొనుచున్నవని వ్రాసెను. ఆయన ఒక్క గబ్బిలమునైనను పరీక్షింపలేదు. కాని కువియే పేరు గొప్పది; పైగా ఆ మాట సులభముగా నమ్మదగినట్లుండెను. చెవులతో చూచుట యేమిటని హేళన చేసినవారును కలరు. వంద సంవత్సరములకు పైగా గ్రంథములలో స్పర్శవాదమే నిలిచెను.

స్పలంజాని ఆ వాదముతో పోరుటకు ఎక్కువకాలము జీవింపలేదు. 1796లో ఫ్రెంచి సేనలు పావియాను పట్టుకొనెను. పారిస్ నగరములో ఆచార్య పదవి నిచ్చెదమని వారు పిలిచినను, వార్ధక్యము కారణముగా ఆయన వెళ్ళలేదు. 1799 ఫిబ్రవరి నెలలో పావియాలోనే మరణించెను. గబ్బిలములను గూర్చి ఆయన వ్రాసికొన్న దినచర్యలలో చాలభాగము అచ్చుకు నోచుకొనక కాగితముల కట్టలలో నిలిచిపోయెను. స్కాండియానోలో ఆయన శిలావిగ్రహము కలదు. చేత కప్పను పట్టుకొని భూతద్దముతో చూచుచున్నట్లు దానిని మలచిరి.

1920లో ఇంగ్లండు దేశపు శాస్త్రవేత్త హార్ట్‌రిడ్జ్, మనుష్యుని చెవికి అందని ధ్వనులను గబ్బిలములు చేయుచుండవచ్చునని సూచించెను. 1938లో అమెరికా దేశమున హార్వర్డు విశ్వవిద్యాలయ విద్యార్థి డొనాల్డ్ గ్రిఫిన్ తన గబ్బిలములను పియర్స్ అను భౌతికశాస్త్రాచార్యుని వద్దకు తీసికొనిపోయెను. అట్టి ధ్వనులను పట్టి వినిపించు యంత్రమును పియర్స్ నిర్మించియుండెను. యంత్రము ఎదుట గబ్బిలమును పెట్టగనే, నిశ్శబ్దమనుకొన్న గది కేకలతో నిండియున్నట్లు బయటపడెను. సెకనుకు సుమారు 20,000 కంపనములకు మించిన ధ్వని మనకు వినబడదు. గబ్బిలముల కేకలలో చాలవరకు అంతకంటె హెచ్చు కంపనములు గలవే.

నూతిలోనికి వంగి కేక వేసినచో మన కేక మనకే తిరిగి వినబడును గదా. గబ్బిలము ఎగురుచు ఎడతెగక కేకలు వేయును. ఆ కేక గోడకో, దారమునకో, పురుగునకో తగిలి మరలివచ్చును. ఆ ప్రతిధ్వనిని విని అది దూరమును, దిక్కును గ్రహించును. పురుగును సమీపించినకొలది కేకల సంఖ్య పెరిగి, తుదకు సెకనుకు 200 వరకును పోవును. గ్రిఫిన్, అతని సహచరుడగు గలాంబోస్ కలసి పైకప్పు నుండి తీగలు వ్రేలాడదీసి పరీక్షింపగా, చెవులు మూసినను, నోరు మూసినను గబ్బిలములు తీగలకు తగిలెను. స్పలంజానికి అందక మిగిలినది ఈ నోటి మాటయే. పలుచని ముసుగు వెలుతురును ఆపకున్నను ధ్వనికి అడ్డుపడెను. అందుచేతనే ఆనాటి గబ్బిలము తడబడెను.

ఒక్క మాట చేర్చవలెను. మన ఊళ్ళలో మఱ్ఱిచెట్లకు తలక్రిందులుగా వ్రేలాడుచు పండ్లు తిను పెద్ద గబ్బిలములు ఇట్టి కేకలు వేయవు. అవి పెద్ద కన్నులతో చూచి, వాసన పట్టి తిరుగును. చీకటిలో చెవితో త్రోవ వెదకునవి చాలవరకు పురుగులను తిను చిన్న గబ్బిలములు. వీనిలో పలురకములు పైరులకు చీడ తెచ్చు పురుగులను తిని రైతులకు మేలు చేయుచున్నవి. అపశకునమని వానిని చంపువారు, గూళ్ళకు పొగ పెట్టువారు ఈ సంగతి ఎరుగరు.

ప్రతిధ్వనిచేత త్రోవ తెలిసికొను ఈ విద్యకు 1944లో గ్రిఫిన్ ఎకోలొకేషన్ అని పేరు పెట్టెను. అంతకు రెండేండ్లకు ముందే, 1942లో, గలాంబోస్ పాత గ్రంథములను వెదకి, పావియాలోని వృద్ధాచార్యుడును, జెనీవాలోని శస్త్రవైద్యుడును ఏమేమి కనుగొనిరో వివరించి ఒక వ్యాసమును ప్రకటించెను.